పీరును లేపే మనిషి

నిజాం మీద పోలీసు చర్య ముగిసిన ఆ చలికాలంలో బెజవాడ నుంచి పనిమీద వెళ్లి, కరీంనగర్‌లో హుజూరాబాద్ బస్సెక్కాను. నా పక్కన పంచెలు కట్టుకున్న ఇద్దరు కూర్చున్నారు. పెద్దాయన ఒళ్లో పొడవాటి గుడ్డమూట ఉంది. అందులో ఉన్నది కత్తేననుకుని కాస్త పక్కకు జరిగాను.

దారిలో సైనికులు బస్సు ఆపి మూట విప్పించారు. లోపల ఇత్తడి హస్తం మెరిసింది. అది మొహర్రంలో ఊరేగించే పీరు.

"మీరు ముసల్మానులా?" అని ఒక సైనికుడు హిందీలో గద్దించాడు.

"కాదు సాబ్, సాలోళ్లం. పీర్ల పండుగ మా ఊళ్లె అందరం జేస్తం. గీయన మా తమ్ముడు," అన్నాడు పెద్దాయన. తమ్ముడి నుదుట పెద్ద కుంకుమ బొట్టు. అతను తల ఎత్తలేదు.

ఆ బొట్టు చూసి సైనికుడు పొమ్మన్నాక బస్సు కదిలింది. సాలెవాళ్లు పీరును మోయడం నాకు వింతగా తోచింది. "పూజ కూడా మీరే చేస్తారా?" అన్నాను.

"మోసుడే మాది. పీర్లను సూసుకునే ముజావర్ సాబు ఫాతెహా దువా సదువకుంటే పీరు ఊరేగింపుకు లేవది. ఆయనేమో భయానికి పట్నం పారిపోయిండు. గందుకే..." అని ఠక్కున ఆగిపోయాడు.

ఆ తమ్ముడు పీరును కళ్లకద్దుకున్నాడు. పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. చెమటకు బొట్టు చెదిరి ముక్కు మీదికి కారింది. పెద్దాయన బొటనవేలితో దాన్ని గబగబా సరిదిద్దాడు. ఆ ముజావర్ ఎవరో నాకప్పుడు తెలిసింది. నాకు తెలిసిపోయిందని వాళ్లకూ తెలిసింది.

ఇద్దరూ నావైపే చూశారు. పెద్దాయన గొంతు తగ్గించి అడిగాడు.

"ముంగట ఇంకో తనిఖీ ఉన్నది సారూ. మీరు యాడ దిగుతరు?"