మూత లోపలి పేరు

మా ఇంటి ఓనరు పోయారన్న వార్త నాకు కొత్తగూడ చౌరస్తాలో తెలిసింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఆ రోజు బంద్. ఉద్యమకారులు ఐటీ కంపెనీల బస్సులను ఆపుతున్నారు, నేను పక్కన నిలబడి మా పేపరుకు వార్త రాసుకుంటున్నాను. ఓనరు భార్య ఫోన్ చేసి, "సారు పోయినాడప్పా" అని మాత్రం చెప్పి పెట్టేశారు. గుండెపోటు. నేను నల్లగండ్ల చేరేసరికి ఆయనను హాల్లో పడుకోబెట్టారు. పక్కనే ఆయన గ్రామఫోను పెట్టె. వచ్చినవాళ్లు దాని మీద నీళ్ల సీసాలు, సెల్‌ఫోన్లు పెడుతున్నారు. నేను తీసి కింద పెడుతుంటే ఇంకొకరు తెచ్చి పెడుతున్నారు.

ఆయనది ప్రొద్దుటూరు. నార్సింగి వైపు ప్లాట్ల వ్యాపారం. నాది మెదక్ జిల్లా. కింద వాళ్లు, పైన మేము. ఉద్యమం ఊపందుకున్నాక పొద్దున్నే పేపరు పట్టుకుని మెట్ల దగ్గర నన్ను ఆపేవారు.

"ఏమప్పా, మీ రాష్ట్రం వస్తే నన్ను పంపించేస్తావా?"

"మీ ఇంట్ల కిరాయికున్నది నేను సార్. పంపితే మీరే నన్ను పంపాలె."

"నిన్ను పంపితే నా ప్లేట్లు వినేవాడు యాడ దొరుకుతాడు? ఉండుపో."

ప్లేట్లంటే గ్రామఫోను రికార్డులు. ఆదివారం పొద్దున వినిపించేవారు. ప్రతి పాటకూ కొత్త ముల్లు వేసేవారు. ఒకసారి పాడిన ముల్లు మళ్లీ వాడితే ప్లేటు గీసుకుపోతుందని ఆయన పట్టుదల.

ఆ పెట్టెను చూసి గ్రామఫోను అని ఎవరూ అనుకోరు. నడుము ఎత్తు, వెడల్పాటి చెక్క పెట్టె, ముందు రెండు తలుపులు, పైన మూత. టీవీ స్టాండనుకుంటారు. పువ్వులా విచ్చుకున్న ఇత్తడి గొట్టం ఉంటేనే గ్రామఫోను అని మన నమ్మకం. ఈ రకంలో గొట్టం పెట్టె లోపలే దాగి ఉంటుంది. తలుపులు తెరిస్తే పాట పెద్దగా, మూస్తే చిన్నగా వినిపిస్తుంది. కుడి పక్క రంధ్రంలో హ్యాండిల్ పెట్టి కీ ఇవ్వాలి. బేగంపేటలో ఒక పాత బంగళా కూలుస్తుంటే, ఇంటికి తలుపులు కొందామని వెళ్లి ఆయన దీన్ని తెచ్చుకున్నారు. అమ్మినవాడు షోకేసు అని అమ్మాడు.

పాత వస్తువును పరీక్షించడం ఆయన దగ్గర చూడాలి. పక్కింటి సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకసారి ధగధగలాడే ఇత్తడి గొట్టం ఉన్నదాన్ని మోసుకొచ్చాడు.

"వందేళ్ల నాటిదటండీ!"

ఓనరు గొట్టం వైపు చూడలేదు. కీ ఇచ్చే రంధ్రం చుట్టూ వేలితో తడిమారు. "ఒక్క గీత లేదే నాయనా. వందేండ్లు ఎవరూ చేయి పెట్టలేదా దీనికి?"

"పోనీ, చూడ్డానికి బాగుంది కదండీ."

"బాగుండాది. చామంతులు పెట్టుకో దాంట్లో."

తన పెట్టె విషయంలోనూ అంతే కఠినంగా ఉండేవారు. రంధ్రం చుట్టూ తరాల చేతుల అరుగుదల ఉంది. పాట పలికే డబ్బాలో, పాతవాటిలో ఉండే పల్చటి అభ్రకం రేకు ఉంది. అసలైనదే అని తేల్చుకున్నారు. ఎవరు చేశారన్నదే తేలలేదు. చేసినవాళ్ల పేరు మూత లోపలి వైపు బంగారు రంగు అక్షరాల్లో ఉండాలి. అక్కడ ఏళ్ల నాటి నల్లటి జిడ్డు పేరుకుపోయి ఉంది.

దాన్ని తీయడానికి ఆయన పత్తి చుట్టిన పుల్లను నోటిలో తడిపి, ఒక్కో చోట మెల్లగా అద్దేవారు. ఉమ్మి తడి అయితే అక్షరం చెడదట. నెలల తరబడి ఇదే పని. అక్షరాలు చివరి నుంచి బయటపడ్డాయి. ఇంగ్లీషులో 'అండ్ సన్స్' అని వచ్చిన రోజు నన్ను కిందికి పిలిచారు.

"కొడుకులు దొరికినారప్పా. నాయన ఇంగా దొరకల్ల."

ఫోటో తీసుకుంటానన్నాను. వద్దన్నారు. "సగం తెలిసిన వార్త మీ పేపర్లో వేస్తారా?"

"వేయం సార్."

"మరి నేనెందుకు చూపించల్ల?"

ఇంట్లో కూడా చెప్పలేదు. భార్య దృష్టిలో ఆయన మురికి తుడుస్తున్నాడు, అంతే. "ఆ ఉమ్మి పనేంది, అసహ్యంగా! పాలిష్ వేయిస్తే ఒక్క దినంలో అయిపోదా?" అని ఆమె నా ముందే చాలాసార్లు విసుక్కున్నారు. ఆయన నవ్వి ఊరుకునేవారు. ఒక్క మాట చెప్పి ఉండవలసింది.

ఆ తర్వాత ఆయన ఒక్కరే బంధువుల పెళ్లికి ప్రొద్దుటూరు వెళ్లారు. ఇక్కడ అప్పటి బంద్ మొదలై బస్సులు ఆగిపోయి, ఆయన అక్కడే చిక్కుకుపోయారు. ఆ మరుసటి వారం ఇంట్లో వాళ్ల చిన్నమ్మాయి నిశ్చితార్థం. హాలు బాగుండాలని, ఆయనకు ఆ తుడిచే పని తప్పుతుందని, భార్య పాలిష్ మనిషిని పిలిపించారు. అతను గరుకు కాగితంతో పెట్టెనంతా రుద్ది, మెరిసే పాలిష్ వేశాడు. మూత లోపల కూడా.

ఓనరు తిరిగొచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. మూత ఎత్తారు. లోపల అద్దంలా ఉంది.

"ఎట్లుండాది?" అని భార్య వంటింట్లోంచి వచ్చి అడిగారు.

ఆయన కాసేపు చూసి, "బాగుండాది" అన్నారు.

మెట్ల మీద నేనే ఆయన మీద కోప్పడ్డాను. "ఏంది సార్ ఇది? అమ్మకు చెప్పాలె కదా!"

"ఏమని చెప్పల్లప్పా? దుమ్ములో నిలబడి చేయించింది. పేరు పోగొట్టినావంటే, ఏం పేరు అని అడుగుతాది. నాకే తెలీదే."

ప్లేటు పెట్టే పళ్లేన్ని తిప్పే మోటారు విప్పి చూశారు. దాని మీద పేరు లేదు. యంత్రం ఒకరి దగ్గర కొని, పెట్టె తాము చేసి పేరు వేసుకునేవాళ్లు ఆ కాలంలో చాలామంది ఉండేవారట. మూత లోపలి పేరొక్కటే ఆధారం. ఆదివారాల పాటలు ఆగిపోయాయి. పెట్టె మీద ఒక దుప్పటి వచ్చింది. అడిగితే, "ముండ్లు అయిపోయినాయిలే" అనేవారు. ముళ్ల డబ్బా నిండుగా ఉండటం నేను చూశాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆయన భార్య నన్ను పిలిచి కూర్చోబెట్టారు.

"పాలిష్ మనిషి అప్పుడే చెప్పినాడప్పా, లోపల బంగారు అక్షరాలేవో ఉండె, పోయినయమ్మా అని. మీ సారు వచ్చి అరుస్తాడనుకున్నా. అరిచింటే ఏడ్చి చెప్పుకుందును. బాగుండాది అనె. ఇంగ యట్ల చెప్పేది?"

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది. ఒకే హాల్లో, ఆ పెట్టెకు చెరో పక్కన, ఇద్దరికీ తెలిసిన సంగతిని ఒకరికొకరు దాచుకుంటూ ఇన్నాళ్లూ గడిపారు. ఇప్పుడు ఎవరితో చెప్పినా ఏం లాభం?

"ఏం పేరప్పా అది?"

"తెల్వదమ్మా. సగమే బయటపడ్డది."

ఆమె దుప్పటి తీసి మూత ఎత్తారు. హ్యాండిల్ పెట్టి కీ ఇచ్చారు. బిగుసుకోగానే ఆపి, పళ్లెం బ్రేకు వదిలారు. ప్లేటు వేయలేదు.

"ఏ పక్కన ఉండె?"

చూపించాను. ఆమె అక్కడ అరచేయి ఆనించి అట్లాగే నిలబడ్డారు. చేతి కింద పచ్చటి గుడ్డ అంటించిన పళ్లెం చప్పుడు లేకుండా తిరుగుతూ ఉంది.