అతిథుల చదరంగం

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి చదరంగం ఆడే అంతర్జాతీయ పోటీ మన ఊరికి వస్తుందని చెప్పినప్పుడు నమ్మినవాళ్ళలో నేనొకణ్ణి. తొంభైల చివరి మాట. మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. అప్పుడు నమ్మినందుకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నా బడి అయిదో తరగతితో ఆగిపోయింది. ప్రెస్సులో అక్షరాలు కూరుస్తూ ఇంగ్లీషు, కోఠిలో కొన్న పాత పుస్తకాలు చూసి చదరంగం నేర్చుకున్నాను. గోపన్‌పల్లిలో మా ఇంట్లో కిరాయికుండే అమ్మాయి కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు. చదరంగం ఆడే ప్రోగ్రాం ఆమె రాసింది. ఏ ఎత్తు మంచిదో, ఏది దండగో దానికి తెలిసేలా లెక్కలు నేను సమకూర్చాను. విడిభాగాలు కొని ఆమే బిగించుకున్న కంప్యూటర్‌లో అది నన్ను మొదటిసారి ఓడించిన రోజు ఇద్దరం మిఠాయి తిన్నాం. మా కోరిక ఒక్కటే. అది ఒక అసలు పోటీలో, లెక్కలోకి వచ్చేలా ఆడాలి.

పోటీ ఏటా యూరప్‌లోనే పెట్టేవారు. యంత్రంతో పాటు మనిషి వచ్చి కూర్చుంటేనే ఆడనిస్తారట. ఎత్తులు ఫోన్‌లో చెబుతామని రాస్తే, అది మిగతావాళ్ళకు అన్యాయమని జవాబు వచ్చింది. పైగా వచ్చే ఏడు ఎక్కడ ఆడాలో ఈ ఏడు ఆడినవాళ్ళే చేతులెత్తి తేల్చుకుంటారు. వెళ్ళలేనివాడు చెయ్యెత్తలేడు, చెయ్యెత్తలేనివాడి ఊరికి పోటీ రాదు. ఎంత చక్కని న్యాయమో చూడండి! వాళ్ళ సెలవులు, వాళ్ళ రైళ్ళు, వాళ్ళ భోజనాల వేళలు అన్నీ చూసుకుని, దానికి అంతర్జాతీయం అని పేరు పెట్టుకున్నారు.

అలాంటి పోటీని మాదాపూర్‌లో కంపెనీ పెట్టిన మన హైదరాబాదీ ఒకాయన, కమిటీ కట్టి దానికి తనే అధ్యక్షుడై, స్వయంగా అక్కడికి వెళ్ళి, ఆడేవాళ్ళను ఒప్పించి చేతులెత్తించి మన ఊరికి రప్పించాడు. మా పేరు ఇవ్వడానికి వెళితే కుర్చీలు వేయించి చాయ్ తెప్పించాడు.

“పెద్దాయనా, జర సమజ్ చేస్కో. మనం పిల్ల తరఫోళ్లం. వచ్చినోళ్లు ముందుగాల తినాలె, ఇంటోళ్లది ఆఖరి బంతి. మనోళ్లెవ్వరు ఆడరని యూరప్‌లనే మాటిచ్చి వచ్చిన. ఎన్ని చప్పట్లు గొట్టిండ్రో!”

“ఆఖరి బంతిల గూడ ఆకులేస్తరు సార్. మీరు మాకు ఆకే ఎయ్యలే.”

“గుస్సా గాకు. నీకు బ్యాడ్జీ ఇప్పిస్త.”

బ్యాడ్జీ అట! అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, “పదండి బాబాయ్ గారూ” అని బయటికి లాక్కొచ్చింది.

అతిథుల నిద్ర చాలదని ఆటలు మధ్యాహ్నం పెట్టారు. ఎండ ఓర్వలేరని చలికాలం ఎంచారు. కోట చూడాలని మధ్యలో ఒక రోజు సెలవు ఇచ్చారు. ఇవన్నీ చెయ్యవలసినవే, కాదనను. దూరం నుంచి వచ్చినవాడికి ఆ మాత్రం చూడాలి. కానీ వచ్చినవాడి సుఖమే న్యాయమనుకున్న బుర్రకి ఎవరేం చెబుతారు?

మొదటి రోజే చిక్కు వచ్చింది. వచ్చినవాళ్ళది బేసి సంఖ్య. ప్రతి విడతలోనూ ఒక యంత్రం జోడీ లేక ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉన్నందుకు దానికి ఒక పాయింటు ఊరికే వస్తుంది. “ఇంత దూరం వచ్చి గోడ చూస్తూ కూర్చోవాలా?” అని ఆ రోజు జోడీ దొరకని ఒక పొడుగాటి తెల్లాయన ఇంగ్లీషులో నిలదీశాడు. అప్పుడు గుర్తొచ్చాం మేం. చూసేవాళ్ళ వరసలో ఉన్న మా దగ్గరికి అధ్యక్షుడు నవ్వుకుంటూ వచ్చాడు.

“పెద్దాయనా, మీ మిషన్ తెప్పియ్యి. జోడీ లేనోళ్లతోని ఆడుండ్రి. గని లెక్కల రాయం. మీరు గెలిచినా పాయింటు అతిథిదే, సరేనా?”

“మరి మేమెందుకండీ ఆడటం?” అంది అమ్మాయి.

“మర్యాదకమ్మా!”

నేను వద్దన్నాను. “ఆడనిద్దాం బాబాయ్ గారూ. వాళ్ళవాటి ముందు అదేం చేస్తుందో నాకు చూడాలనుంది,” అంది ఆమె. ఆ మాట విన్నాక ఇంకోసారి వద్దనడానికి నోరు రాలేదు. ఆటోలో వెళ్ళి కంప్యూటర్ తెచ్చాం.

తెల్లాయన యంత్రం వేసే ఎత్తుల్ని అమ్మాయి మా దానిలో టైపు చేసేది, మాది చెప్పిన ఎత్తుకు బల్ల మీద పావు నేను కదిపేవాణ్ణి. సాయంత్రానికి మా బంటు ఒకటి ఆఖరి గడి దాకా నడిచింది. తెల్లాయన ఓటమి ఒప్పుకుని, లేచి ఇద్దరితోనూ చెయ్యి కలిపాడు. నేరుగా అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి, తన పాయింటు కొట్టేయమన్నాడు.

“నో సార్, యూ ఆర్ అవర్ గెస్ట్!” అని అధ్యక్షుడు రెండు చేతులూ జోడించాడు. ఓడినవాడు వద్దంటున్నాడు, ఈయనేమో పట్టుబట్టి వడ్డిస్తున్నాడు. మర్యాదకు ఇంత తెలివితక్కువతనం అవసరమని నాకు ఆ రోజు దాకా తెలియదు.

చివరి రోజు, వచ్చే ఏడు ఎక్కడ ఆడాలన్న ప్రశ్న వచ్చింది. అతిథులకు మళ్ళీ ఇంత ప్రయాణం పెట్టకూడదని యూరప్ పేరు ప్రతిపాదించింది మన అధ్యక్షుడే. తెల్లాయన మాత్రం మళ్ళీ ఇక్కడే పెట్టాలన్నాడు. ఇక్కడే అన్నవాళ్ళు చేతులెత్తండి అనగానే ఆయన ఎత్తాడు, మేమిద్దరం ఎత్తాం.

అధ్యక్షుడు వంగి నా చెవిలో అన్నాడు. “చెయ్యి దించు పెద్దాయనా. ఆడినోళ్లే ఎత్తాలె.”

“ఆడినం గద సార్.”

“అది లెక్కల లేదు గద!”

లెక్కపెట్టేవాడు మా వరస వదిలేసి ముందుకు పోయాడు. యూరప్ అని ప్రకటించారు, చప్పట్లు కొట్టారు, కుర్చీలు జరుపుకుని లేచారు. అమ్మాయి కంప్యూటర్ తీగలు విప్పడానికి వెళ్ళింది. అధ్యక్షుడు నావైపు చూడకుండా అతిథుల్ని భోజనాలకు తీసుకుపోయేదాకా నేను చెయ్యి దించలేదు.