అమ్మ ముఖానికి నాలుగు వేళ్ల ముందు

నా చిన్నప్పుడు మా మావయ్య దగ్గర ఒక లెన్సు ఉండేది. దాని నోరు అంబలి గిన్నెంత ఉండేదనీ, బొర్రా గుహల్లో అగ్గిపుల్ల వెలుగుకే గబ్బిలం మీసాలు కూడా ఫోటోలోకి దించేదనీ నేను కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాను. గబ్బిలానికి మీసాలుంటాయో లేదో నాకు తెలియదు. ఆ లెన్సు నోరు బత్తాయి చెక్కంత, అంతే. మావయ్య దాన్ని బొర్రా తీసుకెళ్లనే లేదు.

అరకులో మాది కిరాణా కొట్టు. కొట్టు వెనక గదిలో మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఫోటో స్టూడియో నడిపేవాడు. విశాఖపట్నం హార్బరు దగ్గర పాత సామాన్లు అమ్మే మనిషి నుంచి ఆ లెన్సు చౌకగా కొన్నాడు. పేరున్న రకం కాదు. వెలుగు లోపలికి పోయే నోరు పూర్తిగా తెరిస్తే దీపం వెలుగులో కూడా బొమ్మ పడుతుందని అమ్మినవాడు చెప్పాడట. అది నిజమో కాదో తేల్చుకునే తీరిక దొరక్కముందే అమ్మ మంచాన పడింది.

వానాకాలం. అమ్మకి ఊపిరి అందడం లేదు. మర్నాడు రైల్లో విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలని అనుకున్నారు. ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. స్టూడియో ఇంట్లోనే ఉంది కనుక ఎప్పుడైనా తీయించుకోవచ్చులే అనుకున్నట్టున్నారు. ఆ పొద్దున్న నాన్న, వెళ్లేలోపు ఒకటి తీయమని మావయ్యకి చెప్పాడు. అమ్మని వెలుగులోకి ఎత్తుకురావడానికి లేదు. ఫ్లాష్ వెలిగితే ఉలిక్కిపడి దగ్గు తెర ముంచుకొస్తుంది. ఇక మిగిలింది ఆ చౌక లెన్సే.

నాకు ఆ రోజు ఏమీ అనిపించలేదు. చెవుల్లో నీళ్లు పోయినట్టు ఉంది, అంతే. అమ్మ గుమ్మం దగ్గర ఊరికే నిలబడ్డ నన్ను మావయ్య రెక్క పట్టుకుని కొట్లోకి తీసుకెళ్లాడు.

తూకపు రాళ్లన్నీ బల్ల మీద ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి పెట్టించాడు. ప్రతి రాయి మీదా దాని బరువు పోతపోసి ఉంటుంది కదా. ఏ అంకె స్పష్టంగా పడితే లెన్సు చూపు అక్కడ ఆగినట్టు లెక్క. ఆయనది రేంజ్‌ఫైండర్ కెమెరా. పైనున్న చిన్న కిటికీలోంచి చూస్తే వస్తువు రెండుగా కనబడుతుంది. లెన్సు తిప్పుతూ పోతే రెండూ కలిసి ఒకటవుతాయి. అప్పుడు నొక్కాలి. కానీ మనం చూసేది కిటికీలోంచి, బొమ్మ దించేది లెన్సు. లెన్సు పొరబడినా కిటికీకి తెలియదు. ఫిల్ము కడిగితే గాని బయటపడదు.

మావయ్య మంచానికి ఎంత దూరంలో నిలబడాలో బల్లకీ అంతే దూరంలో నిలబడి తీశాడు. కడిగి చూస్తే, కుదిర్చిన అరకిలో రాయి మసక. దాని వెనకున్న రెండొందల గ్రాముల రాయి మాత్రం గరుకుతో సహా తేలింది. అంచులు చీకటి. బల్ల మీది లాంతరు చుట్టూ మంచు కమ్మినట్టు ఒక వలయం. నోరు కాస్త మూసి తీసినప్పుడు లెన్సు బుద్ధిగానే ఉంది, కానీ అమ్మ గదిలో నోరు మూస్తే ఏమీ పడదు. మళ్లీ పూర్తిగా తెరిచి తీశాడు. మళ్లీ అంతే వెనక్కి పోయింది. లెన్సుని విసిరికొడతాడనుకున్నాను. ఆయన తేలిగ్గా ఊపిరి వదిలాడు.

"అబద్దమాడతాది గానీ ఎప్పుడూ ఒకేలాగ ఆడతంది రా గుంటడా. ఇలాటోళ్లతో బతికీగలం."

తర్వాత నా అరచెయ్యి ఆ రెండు రాళ్ల మధ్య పెట్టి చూశాడు. సరిగ్గా నా నాలుగు వేళ్ల వెడల్పు. తన చేతుల్లో కెమెరా ఉంటుంది కనుక నా చెయ్యే కొలత అన్నాడు.

మధ్యాహ్నం అమ్మని పరుపు చుట్టకి ఆనించి కూర్చోబెట్టారు. సగం తెరిచిన కిటికీ, ఒక లాంతరు, అంతే వెలుగు. నేను పక్కన నిలబడి, చిటికెన వేలు అమ్మ కంటి కింద ఆనించి, అరచెయ్యి బల్లపరుపుగా పట్టాను. మావయ్య నా చూపుడు వేలి మీద కుదిర్చుకోవాలి, నేను చెయ్యి తీసెయ్యాలి, ఆయన నొక్కాలి. చూపు నాలుగు వేళ్లు వెనక్కి పోయి అమ్మ కళ్ల మీద ఆగుతుంది.

"ఏట్రా, నా మొకాన సెయ్యెట్టి ఏటి సేత్తన్నావు?" అంది అమ్మ.

"నీ కొడుకు నిన్ను తూకమేత్తన్నాడప్పా," అన్నాడు మావయ్య, కెమెరా కిటికీలోంచి కన్ను తీయకుండానే.

"ఏటి మిగిల్నాదని తూత్తారు. బేగి తియ్యండి."

ఆ మాట అంటున్నప్పుడు అమ్మ ఊపిరి నా మణికట్టుకి తగిలింది. వేడిగా ఉంది. మావయ్య ఊఁ అన్నాడు. నేను చెయ్యి లాగేసుకున్నాను. కెమెరా చప్పుడైంది.

మర్నాడు రైలెక్కించారు. అమ్మ తిరిగి రాలేదు. కబురు వచ్చిన రోజు నేను పట్టాల వెంట సొరంగం దాకా పరిగెత్తి ఏడ్చానని చాలామందికి చెప్పాను. పరిగెత్తలేదు, ఏడవలేదు. పెట్టిన అన్నం తిని కొట్లో కూర్చున్నాను.

ఇప్పుడు అలాంటి పెద్దనోటి లెన్సులు కొత్తవే చౌకగా వస్తున్నాయి. మొన్న పక్కింటి అమ్మాయి ఒకటి తెప్పించుకుని ఎలా ఉందో చెప్పమంది. అంచుల చీకటికీ, దీపాల చుట్టూ మసకకీ బెంగపడొద్దన్నాను. ఎంత తప్పుతుందో, ప్రతిసారీ అంతే తప్పుతుందో లేదో చూసుకుంటే చాలన్నాను. మనుషుల్నీ నేను అలాగే చూస్తాను. మా ఇంట్లోవాళ్లు నన్నూ అంతే. నేను చెప్పినదాంట్లో ముప్పాతిక తీసేసి మిగతాది నమ్ముతారు.

ఆ ఫోటో నా దగ్గరుంది. జుట్టు, చెవులు, పరుపు చుట్ట అన్నీ కరిగిపోయాయి. కళ్లు మాత్రం రెప్పవెంట్రుకలతో సహా ఉన్నాయి. అవి కెమెరాని చూడడం లేదు, ఒక పక్కకి చూస్తున్నాయి. ఎవరిని చూస్తోందని అందరూ అడుగుతారు. వెనక్కి పోతున్న నా చేతిని. కెమెరా పట్టుకున్నప్పుడల్లా ఆ ఊపిరి వేడి మణికట్టుకి ఇప్పటికీ తగులుతుందని రాయబోయాను. తగలదు. అంత త్వరగా చెయ్యి ఎందుకు తీశానా అని మాత్రం అనిపిస్తుంది.