తియ్యటి నూలు

మా నాయన అద్దిన పసుపు నూలు వానలో తడిసినా వెలిసేది కాదు. ఆడికృత్తిక పండగకు తిరుత్తణి కొండెక్కే కావడి మొక్కులవాళ్ళకు పసుపు బట్టలు కావాలి. వంటింటి పసుపులో ముంచిన గుడ్డ మూడు ఉతుకులకే తెల్లబోతుంది. మా నాయన పసుపు ఏళ్ళ తరబడి అలాగే ఉండేది. ఆ గర్వంతో ఆయన పండగ రెండు నెలలుందనగానే మీసం మెలేయడం మొదలుపెట్టేవాడు.

ఆ రంగుకు రెండు తొట్లుండేవి. ఒకదాంట్లో తెల్ల ఉప్పు కలిపిన నీళ్ళు, రెండోదాంట్లో ఎర్ర ఉప్పు కలిపిన నీళ్ళు. ఆ ఉప్పులు మదరాసు నుంచి డబ్బాల్లో వచ్చేవి. వాటి అసలు పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు, తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు. నూలు చిలపలను, అంటే పోగుల కట్టలను, ముందు తెల్లనీళ్ళలో ముంచి, పిండి, కాసేపు దండెం మీద వేసేవాళ్ళు. తర్వాత ఎర్రనీళ్ళలో వేయగానే చూస్తుండగానే పసుపు పుట్టుకొచ్చేది. మిగిలిన నీళ్ళు వీధి కాలువలోకి పోయేవి. మా వీధి కోళ్ళకు కాళ్ళు పసుపు, కుక్కలకు మూతి పసుపు. పెళ్ళి కళ లేని జీవం మా వీధిలో ఒక్కటీ లేదని ఎదురింటి మామ నవ్వేవాడు.

నాకప్పుడు ఎనిమిదేళ్ళు. తమ్ముడికి ఏడాది దాటింది. అమ్మ మగ్గం దగ్గర, నాయన తొట్ల దగ్గర, అవ్వ పొయ్యి దగ్గర. కాబట్టి తమ్ముడు నా చంకలో. వీధిలో తొక్కుడుబిళ్ల ఆడే ఆడపిల్లలందరికీ రెండు చేతులూ ఖాళీ, నాకు మాత్రం చంకలో ఒక ఏడుపు మూట. నాకు ఒళ్ళు మండేది.

"ఆ తొట్టి తట్టుకు పోవద్దే. చేయి పెట్టినావంటే నూలుకు మచ్చ పడతాది" అని నాయన రోజూ హెచ్చరించేవాడు. ఆయన బెంగంతా నూలు గురించే.

మచ్చ పడదని తేల్చుకోవడానికే చేయి పెట్టాను. తెల్లనీళ్ళ తొట్టిలో మోచేతి దాకా ముంచి, సాక్ష్యం మిగలకుండా నాకేశాను. తియ్యగా ఉంది! బెల్లం అడిగితే అవ్వ గోరంత గిల్లి పెట్టే ఇంట్లో, తొట్టెడు తీపి మూత లేకుండా పెట్టారు. పెద్దవాళ్ళ మీద నాకు అంతకుముందే ఉన్న చిన్నచూపు ఆ రోజు ఇంకాస్త పెరిగింది.

ఆ తర్వాత నా బతుకు మారిపోయింది. దండెం మీద ఆరే తెల్ల చిలపల కొసలు చీకడం, అడిగిన పిల్లకు ఒక కొస చీకనిచ్చి బదులుగా ఉప్పు రాసిన చింతకాయ పుచ్చుకోవడం. అన్నిటికన్నా గొప్ప ఉపాయం తమ్ముడి కోసం కనిపెట్టాను. రెండు పోగులు తెంపి, ముడేసి, తెల్లనీళ్ళలో ముంచి వాడి నోట్లో పెట్టేదాన్ని. పళ్ళు వస్తున్న పిల్లాడు, చప్పరిస్తూ గంటసేపు కిక్కురుమనేవాడు కాదు. వాడిని అరుగు మీద కూర్చోబెట్టి నేను ఒంటికాలి మీద గెంతుతూ ఊరేలాను. ఈ పిల్లను చూసి నేర్చుకోండి, తమ్ముడిని ఎంత బాగా ఆడిస్తుందో అని వీధి ఆడవాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. నేను వినయంగా తల దించుకున్నాను.

నాకు అప్పుడప్పుడు కడుపులో మెలిపెట్టేది. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి అని అన్నిసార్లు చెప్పి ఉన్నానేమో, నిజంగా వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడికి మాత్రం అబద్ధాలాడే వయసు రాలేదు. వాడు అన్నం మానేశాడు. మొహం పాలిపోయింది. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని కెవ్వుమనేవాడు. అంతకుముందు అమ్మ, అవ్వ, అక్క అనేవాడు కాస్తా ఆ మూడు మాటలూ మరచిపోయాడు. గోడ పట్టుకుని నిలబడేవాడు నిలబడడం మానేశాడు.

నులిపురుగులన్నారు, ఆముదం తాగించారు. దిష్టి అన్నారు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేశారు. మా ఇళ్ళలో ఒక అలవాటుంది: కావడి బట్టకు అద్దిన మొదటి చిలప నుంచి ఒక పోగు తీసి పసిపిల్లల మెడలో కడతారు, స్వామి రక్ష అని. అవ్వ ముందే ఒకటి కట్టింది. వాడికి నలతగా ఉన్నప్పుడల్లా ఇంకొకటి కట్టింది. చివరికి వాడి మెడ చుట్టూ, మణికట్ల చుట్టూ పసుపు పోగులే. నోటికందిన పోగునల్లా వాడు నమిలేవాడు.

ఒకరోజు వాడికి కళ్ళు తేలేసి ఫిట్స్ వచ్చాయి. రైలెక్కి తిరువళ్ళూరు ఆస్పత్రికి పరుగెత్తాం. అప్పట్లో తిరుత్తణి ఆంధ్రలో, తిరువళ్ళూరు మదరాసు రాష్ట్రంలో. ఇంకో రోజైతే రాష్ట్రం దాటుతున్నామని కిటికీ వదిలేదాన్ని కాదు. ఆ రోజు అమ్మ ఒళ్ళోని తమ్ముడి నోటివైపే చూస్తూ కూర్చున్నాను.

డాక్టరు వాడి పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. పళ్ళ మొదట్లో నల్లటి గీత. "వాయిల ఎన్న వెక్కిరాన్?" అని అరవంలో అడిగాడు, నోట్లో ఏం పెట్టుకుంటాడని. ఎవరూ జవాబు చెప్పకముందే ఆయన చూపు వాడి మెడ మీద పడింది. నమిలి నమిలి పీచులైన పసుపు పోగులు. నాయన పనేమిటని అడిగి, ఉప్పుల సంగతి విని, తల పట్టుకున్నాడు. అందులో ఉన్నది సీసమని, పిల్లల మెదడును తినేసే విషమని చెప్పాడు. "ఇవెవరు కట్టినారు?" అన్నాడు.

"నేనే సామీ" అంది అవ్వ.

నేను చెప్పాల్సిన సమయం అదే. నోరు తెరిచాను కూడా. నాయన చేయి పెద్దది. నోరు మూసుకున్నాను.

తమ్ముడు బతికాడు. కొన్నాళ్ళకు నడిచాడు, ఆలస్యంగా మాటలు కూడా వచ్చాయి. నాయన తొట్లను ఊరి బయటికి మార్చాడు కానీ పసుపు మానలేదు, మొక్కులవాళ్ళు మానలేదు కదా. మానింది అవ్వ ఒక్కతే. తమ్ముడిని ముట్టుకోవడం మానేసింది. నీళ్ళు పోయదు, తల దువ్వదు, ముద్ద పెట్టదు. "నా చేయి మంచిది కాదులే అమ్మా, నువ్వే చూసుకో" అని అమ్మతో అనేది. నా తల మాత్రం అదే చేత్తో దువ్వి జడ వేసేది. జడ బిగించినప్పుడల్లా చెప్పేద్దామనుకునేదాన్ని. జడ అయిపోగానే ఆటకు పోయేదాన్ని. అట్లా ఆరేళ్ళు పోయాయి.

మా తాలూకా మదరాసు రాష్ట్రంలో కలిసిన ఏడాది, ఒక మధ్యాహ్నం అమ్మ సంతకు పోయింది. తమ్ముడు కంచం తీసుకుని అవ్వ ముందు కూర్చున్నాడు. వాడికి ఏడేళ్ళు. రెండో ఏడాదీ ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టి ఉంచారు.

"అవ్వా, పెట్టు" అన్నాడు.

అవ్వ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "అక్క పెడతాది పో నాయనా."

వాడు లేచి పెరట్లోకి పోయాడు. నీళ్ళ చప్పుడు వినిపించింది. చేతులు, మొహం కడుక్కుని, చొక్కాకు తుడుచుకుని వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. నోరు బాగా తెరిచి చూపించాడు. "కడుక్కున్నా అవ్వా. ఇప్పుడు మురికి లేదు. పెడతావా?"

వాడు ఆరేళ్ళుగా అట్లా అనుకుంటున్నాడా!

"పోగులు కాదవ్వా" అన్నాను. "నేనే. తొట్టిలో నీళ్ళు తియ్యగా ఉన్నాయని నేనే ముంచి ముంచి వాడి నోట్లో పెట్టినాను. ఆడుకోవాలని."

అవ్వ పక్కనున్న సంకటి కెలికే కట్టె తీసుకుంది. నా జీవితంలో చాలా దెబ్బలు తిన్నాను, చాలావరకు తప్పించుకున్నాను. ఆ రోజు కదల్లేదు. "ఆరేండ్లే! ఆరేండ్లు బిడ్డను ముట్టనీకుండా చేసినావు గదే!" అంటూ భుజం మీద, వీపు మీద కొట్టింది. కొడుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే కట్టె పారేసి, చేయి కడుక్కుని, తమ్ముడి కంచం ముందుకు లాక్కుంది.

ముద్ద కలిపి వాడి నోట్లో పెట్టింది. వాడికి నవ్వు ఆగలేదు. సంతోషం పట్టలేక ముద్దముద్దకూ ఒక వేలు మడుస్తూ లెక్కపెట్టాడు. "ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఒకటి."

"అయిదు రా" అన్నాను.

"అయిదు" అన్నాడు బుద్ధిగా. తర్వాతి ముద్దకు మళ్ళీ "ఒకటి" అన్నాడు.

అవ్వ నా వైపు తిరగలేదు. ఇంకో ముద్ద కలిపింది.