డబల్ రొట్టెలో గుడ్డు

ఆ రోజుల్లో మా నిజామాబాదు జిల్లాలో డబల్ రొట్టె, అదే బ్రెడ్డు, తిండి కాదు, మందు. బజారులో ఎవరి చేతిలోనైనా కాగితంలో చుట్టిన రొట్టె కనబడితే “ఎవరికి జరం?” అని అడగడం మర్యాద. పాలల్లో ముంచి రోగికి పెట్టేవాళ్లు, రోగి మొహం చిట్లించి తినేవాడు, లేచి తిరగ్గానే ఆ రొట్టె పేరెత్తేవాడు కాదు. ఒళ్లు బాగున్నవాడు డబల్ రొట్టె తినడమంటే కాలు విరగనివాడు కట్టు కట్టుకొని తిరగడమన్నమాట. ఈ సంగతి బోధన్‌లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసి కూడా ఒక చలికాలమంతా రోజూ పొద్దున్నే డబల్ రొట్టె చంకలో పెట్టుకొని బజారు మధ్యలోంచి దర్జాగా నడిచివచ్చిన మహానుభావుణ్ణి నేను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్లు. పోచంపాడు దగ్గర గోదావరికి ఆనకట్ట కడతారట అని హోటళ్లలో చెప్పుకుంటున్న కాలం. మాది నవీపేట పక్కన పసుపు పండించే ఇల్లు. మెట్రిక్ గట్టెక్కిన పుణ్యాన నాకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర, చెరుకు బండ్లకు వరుస చిట్టీలిచ్చే నౌకరీ దొరికింది. ఆ వార్త మా బాపు మా ఊళ్లోనే కాదు, చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో చెప్పుకొచ్చాడు. ఫ్యాక్టరీ మొత్తం నా చిట్టీల మీదే నడుస్తోందని ఆయన చెప్పిన తీరు విన్నవాళ్లు అనుకొని ఉంటారు. ఇంక నేను “నాకిక్కడ దిగులుగా ఉంది” అని ఉత్తరం ఎట్లా రాస్తాను? “నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను” అని రాసేవాణ్ణి. రెండు నెలల్లో ఎనిమిది ఉత్తరాలు రాశాను, ఎనిమిదింట్లోనూ క్షేమమే.

నిజానికి నా బాధ తిండి దగ్గర మొదలైంది. మా ఇంట్లో పదకొండు మందిమి. పొద్దున్నే అవ్వ (మా దగ్గర అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) జొన్నరొట్టెలు చేస్తుంటే పొయ్యి చుట్టూ కూర్చొని ఒకరి చేతిలోది ఒకరం లాక్కొని తినేవాళ్లం. బోధన్‌లో హోటల్లో కూర్చుంటే ప్లేటు నా ముందు పెట్టి పోయేవాడు. అది నాదే. ఎవరూ చెయ్యి పెట్టరు. ఎవరూ లాక్కోని తిండి గొంతు దిగదని నాకు అక్కడే తెలిసింది. సగం తిని లేచేవాణ్ణి. అద్దె గదికి వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంటే ఫ్యాక్టరీ వైపు నుంచి బెల్లం పాకం వాసన వచ్చేది. పండుగ నాటి వాసన అది. పండుగ మాత్రం లేదు.

నన్ను చూసి జాలిపడ్డవాడు మా గల్లీ చివర ఉండే వంట తాత. మెథడిస్టు సంఘపు ముసలాయన, ఏదో మిషన్ దవాఖానలో డాక్టరమ్మలకు వండిపెట్టి పండ్లన్నీ ఊడాక ఇంటి పట్టున ఉంటున్నవాడు. ఒక సాయంత్రం నన్ను పిలిచి, “హోటళ్ల తిండి మానెయ్ కొడుకా. చేసుకొని తింటే జర దిల్ కుదుటపడ్తది. నీకు అల్కటిది ఒకటి నేర్పుత” అన్నాడు. ఆ అల్కటి, అంటే తేలికపాటి, వంట ఏమిటంటే, డబల్ రొట్టెను మందంగా ముక్కలు కోసి, చాయ్ గ్లాసు మూతితో ముక్క నడుమ గుండ్రంగా చిల్లు పెట్టి, పెనం మీద నెయ్యి వేసి ముక్క పరచి, ఆ చిల్లులో కోడిగుడ్డు కొట్టి పొయ్యడం. ఒక పక్క కాలాక తిప్పాలి, లోపలి పచ్చసొన చెదరకూడదు. “గుడ్డు కొట్టేటప్పుడు మాట్లాడొద్దు. ఊపిరి గూడ వట్టు” అన్నాడు తాత. (గదిలో ఒంటరిగా ఉండేవాణ్ణి, మాట్లాడడానికి ఎవరున్నారు?) రెండు రోజులు నేర్పి, క్రిస్మసుకని బిడ్డ ఇంటికి నిజామాబాదు పోయాడు. పోతే పోయాడు గానీ, నేను రొట్టె ఎందుకు కొంటున్నానో తెలిసిన ఒకే ఒక్క సాక్షి ఆయనతోపాటు రైలెక్కాడు.

మూడో రోజున బజారులో రొట్టెల భట్టీ నడిపే సాయెబు రొట్టె కాగితంలో చుడుతూ “ఎవరు బీమారున్నరు బాబూ?” అన్నాడు. “ఎవరూ లేరు, నేనే తింటున్న” అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి “అల్లా మంచిగ జేస్తడు” అన్నాడు. గదికి వచ్చేసరికి ఇంటి యజమానురాలు పెద్దమ్మ గడపలో నిలబడి ఉంది. నా చేతిలో రొట్టె, రెండో చేతిలో పాలచెంబు చూసింది. ఏమీ అడక్కుండా దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది. “సల్లగనే ఉంది. లోపలి జరమేమో. కషాయం కాసిస్త, తాగు” అంది. ఆ చెయ్యి నుదుటి మీద ఉన్నంతసేపు నేను కదల్లేదు. రెండు నెలల్లో నన్ను ముట్టుకున్న మొదటి మనిషి ఆమె. నాకేమీ కాలేదని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇంత మిరియాల కషాయం తాగినా ఫర్వాలేదనిపించింది. తాగాను కూడా. నాలుగు రోజులపాటు గల్లీలో ఒక్కొక్కరే వచ్చి “ఎట్లున్నది?” అని అడిగి పోతుంటే, “జర నయమే” అంటూ గోడకు ఆనుకొని మహారాజులా కూర్చున్నాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం ఒళ్లంతా సంబరమే.

అయితే నాలుగు రోజుల జ్వరానికి దగ్గరికొచ్చే మనుషులు నాలుగు వారాల జ్వరానికి దగ్గరికి రారు. నేను రొట్టె మానలేదు. పైగా పచ్చసొన చెదరకుండా తిప్పడం అప్పుడప్పుడే పట్టుబడుతోంది, మానడానికి మనసొప్పలేదు. రోజూ రొట్టె, గుడ్లు, పాలు. ఆ మూడూ కలిపి తినమని డాక్టర్లు ఏ జబ్బుకు చెబుతారో నాకు తట్టలేదు గానీ గల్లీకి తట్టింది. క్షయ. ఆ మాట నా ముందు ఎవరూ అనలేదు. హోటల్లో నా చాయ్ మాత్రం అంచు విరిగిన ఒకే గ్లాసులో రావడం మొదలైంది. పెద్దమ్మ కషాయం గడపమీద పెట్టి, దూరం నుంచి “తాగు బిడ్డా” అని లోపలికి పోయేది. గేటు దగ్గర చెరుకు బండ్లవాళ్లు చిట్టీ కోసం చెయ్యి బారెడు చాపేవాళ్లు. ఒక పొద్దున నాలుగు రొట్టెలు చేశాను, అన్నీ గుండ్రంగా, బంగారంలా వచ్చాయి. చూపిద్దామంటే మనిషి లేడు. పెనం ముందు కూర్చొని ఏడ్చాను. ఏడ్చి, నాలుగూ తిన్నాను. (ఇరవై ఏళ్ల వయసులో దుఃఖం ఆకలిని ఆపదు.) ఆ రోజే గట్టిగా అనుకున్నాను, ఇంటి నుంచి ఎవరైనా వచ్చి “దా పోదాం” అంటే చాలు, ఎందుకని కూడా అడక్కుండా పోతానని. నా అంతట నేను పోవడం కుదరదు. బాపు ఊళ్లో తలెత్తుకొని తిరుగుతున్నాడు.

మా ఊరి బండివాడు ఒకడు చెరుకు దింపి వెనక్కి పోతూ నా సమాచారం మోసుకుపోయినట్టున్నాడు. తర్వాతి ఆదివారం పొద్దున నేను స్టవ్వుకు పంపు కొడుతుంటే గల్లీలో ఎడ్ల గజ్జెలు వినిపించాయి. తలుపు తీస్తే మా ఇంటి కచ్చరం బండి. ముందు బాపు, వెనక గూడు కింద అవ్వ. బండిలో వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద బొంత వేసి, తలగడ పెట్టి ఉంది. మనిషిని పడుకోబెట్టి తీసుకుపోవడానికి వచ్చారు. అది చూడగానే నా గుండె ఎగిరి ఎడ్ల ముందుకు దూకింది. పరమానందం. కాస్త దగ్గితే చాలు.

అవ్వ దిగుతూనే నా మొహం రెండు చేతుల్లో పట్టుకొని ఏడుపు మొదలుపెట్టింది. “గిట్లెట్లయినవ్ కొడుకా. డబల్ రొట్టె మీదనే పానం నిలుపుకుంటున్నవట.” బాపు నా మొహంలోకి చూడకుండా గది చూశాడు, స్టవ్వు చూశాడు, గుడ్ల బుట్ట చూశాడు. “సామాను సర్దుకో. తోలుకపోతం” అన్నాడు. అంతే. మూడు నెలలుగా నేను ఎదురుచూసిన మాట అదే. నేను ట్రంకుపెట్టె తెరవాలి. తెరవకుండా ఏం చేశానంటారా? అవ్వ అన్న ఆ రొట్టె మాట నా అభిమానానికి గుచ్చుకుంది. నేనేమో రొట్టెలో గుడ్డు బంగారంలా వండుతుంటే, ఈవిడేమో రోగి తిండి అంటుంది. “అవ్వా, గది బీమారోళ్ల తిండి గాదు. జర కూసోండ్రి, చేసి పెడ్త. తిని చెప్పుండ్రి” అన్నాను.

ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. మా వంశంలో మగవాడు వండితే ఆడమనిషి కూర్చొని తినడం అదే మొదలు. అవ్వ లేవబోతే బాపు “కూసోరాదు, చెయ్యనియ్యి” అన్నాడు. పెద్దమ్మ గడప దగ్గరికి వచ్చి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని నిలబడింది. నేను చిల్లు పెట్టాను, నెయ్యి వేశాను, ఊపిరి పట్టాను, గుడ్డు కొట్టాను. అందరూ నా చేతివైపే చూస్తున్నారు. ఇంతమంది చూస్తూ ఉండగా నేను ఏ పనీ చేసి ఎరగను. తిప్పాను. చెదరలేదు. బాపు పళ్లెంలో వేశాను. ఆయన విరిచి, పచ్చసొనలో అద్దుకొని తిన్నాడు. రెండోది వేశాను. అదీ చెదరలేదు. అవ్వ కళ్లు తుడుచుకుంటూ తిని, “మంచిగుంది కొడుకా” అంది. మూడోది బాపుకు. పెద్దమ్మ కొంగు దించి “నాకొకటియ్యి బిడ్డా, సూస్త” అంది. నేను ఒళ్లు మరిచిపోయాను. బండి, గడ్డి, బొంత, ఊరు, ఏదీ గుర్తులేదు. నేను మొన్న మొన్నటిదాకా ఒక్కణ్ణే కూర్చొని ఏడ్చిన పెనం చుట్టూ నలుగురం ఉన్నాం, అవ్వ నా చేతిలోంచి ముక్క లాక్కొని తింటోంది. బాపు తన వంతు నాలుగో రొట్టె కూడా తిన్నాడు.

తిన్నాక ఆయన చెయ్యి కడుక్కొని, తువ్వాలుతో తుడుచుకొని, కాసేపు నా వైపు చూశాడు. అప్పుడు బండి దగ్గరికి పోయి బొంత తీసుకొచ్చి నా మంచం మీద పెట్టాడు. “సలి బాగున్నది, కప్పుకో” అన్నాడు. అవ్వతో “పోరనికేం గాలే. మనకంటె మంచిగ తింటుండు. ఒక్కడు బతుకుతడు. ఇగ ఫికర్ లేదు, నడు” అన్నాడు. నేను నోరు తెరిచాను. “నన్ను కూడా తీసుకపో బాపూ” అనే మాట నాలుక మీదికి వచ్చింది. పెద్దమ్మ అప్పటికే పక్కింటామెను పిలిచి నా వంట గురించి గొప్పలు చెబుతోంది. బాపు మొహంలో ఏదో ఉంది, గర్వమే అనుకున్నాను. “పైలంగ పోండ్రి” అన్నాను. కచ్చరం మలుపు తిరిగేదాకా నిలబడి, గదిలోకి వచ్చి, మిగిలిన రొట్టె ముక్క చూసి నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. లోకంలో ఎవడైనా తన ఇంటిదారి మూసేసుకోవడానికి ఇంత శ్రద్ధగా వంట నేర్చుకుంటాడా? ఆ నౌకరీలోనే పట్టు దొరికి, బోధన్‌లోనే ముప్పై రెండేళ్లు ఉండిపోయాను.

బాపు చనిపోయిన ఏడాది అవ్వ చెప్పింది అసలు సంగతి. ఆ రోజు నవీపేట దారిలో బాపు ఎడ్లను ఆపి, చెట్టు కింద కూర్చొని ఏడ్చాడట. ఎందుకేడుస్తున్నవని అవ్వ అడిగితే, “వాణ్ణి ఎట్లన్న తోలుకొద్దామని పోయిన. బీమారు లేకపాయె, నౌకరి చేసెటోన్ని ఊకెనే ఎట్ల రమ్మంట? ఒక్క గుడ్డన్న చెదరకపోద్దా, నీకు వండుకొనుడు రాదురా, నడువ్ అందామని నాలుగు రొట్టెలు తిన్న. ఒక్కటన్న చెదరలే” అన్నాడట. అవ్వ ఇది నవ్వుతూనే చెప్పింది. నేను కూడా నవ్వాను, చాలాసేపు నవ్వాను.

ఇప్పుడు నాకు గుడ్లు వద్దన్నాడు డాక్టరు. అయినా అప్పుడప్పుడూ ఆ కుర్రవాడు, ఆ గదిలో స్టవ్వు ముందు గొంతుక్కూర్చొని, ఊపిరి బిగబట్టి, పచ్చసొన చెదరకుండా రొట్టె తిప్పుతూ కనిపిస్తాడు. వాడి ముందు కూర్చున్న బాపు కూడా ఊపిరి బిగబట్టే చూస్తున్నాడని వాడికి తెలియదు. ఎంత ముద్దొస్తాడో, అంత కోపమొస్తుంది. అందుకోగలిగితే వాడి మోచెయ్యి ఒక్కసారి తట్టి, ఆ గుడ్డు కాస్తా చితికిపోయేలా చేసి వస్తాను.