రేపల్లెలో తెనాలమ్మాయి

నా తోడికోడలంటే నాకు అసూయ. ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిందే, కొత్తగా దాచేదేమీ లేదు. ఆమె చేసే పులుసు చూసో, కట్టే చీర చూసో కుళ్ళుకుంటే కొంత మర్యాదగా ఉండేది. నా బాధంతా ఆమెను మా అత్తయ్య పిలిచే పిలుపు గురించి.

మా వైపు చుట్టాలను ఊరి పేర్లతోనే గుర్తుపెట్టుకుంటారు. పొన్నూరు పెద్దమ్మ, దుగ్గిరాల బాబాయి, భట్టిప్రోలు మామయ్య. వాళ్ళ అసలు పేర్లు శుభలేఖ మీద చూసి, ఈయనెవరా అనుకున్న సందర్భాలున్నాయి. కోడళ్ళకూ అంతే. నేను తెనాలిలో పుట్టి రేపల్లెకు కోడలిగా వచ్చాను. వచ్చిన రోజు నుంచీ అత్తయ్యకు నేను తెనాలమ్మాయిని. కొత్తలో ముద్దుగానే ఉండేది. పుట్టింటికి వెళితే అక్కడ నేను రేపల్లె అత్తను. "రేపల్లె అత్త వచ్చింది" అని అన్నయ్య పిల్లలు వీధిలోంచే కేక పెట్టేవారు. ఉద్యోగమేమో బాపట్లలో, డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పడం. అక్కడ స్టాఫ్ రూములో నేను రేపల్లె మేడాన్ని. ఎక్కడుంటే ఆ ఊరిదాన్ని కాకుండా పోవడమే నా బతుకైపోయింది.

మాది బట్టల వ్యాపారం. రేపల్లె బజారులో షాపు ఉంది, మా ఆయన, మా మరిది కలిసి చూసుకుంటారు. మరిది పెళ్ళి చీరాల సంబంధంతో జరిగింది. వాళ్ళది మగ్గాల ఇల్లు, మా షాపుకు సరుకు కూడా ఆ ఊరి నుంచే వచ్చేది. వచ్చిన కొత్తలో ఆమె కూడా చీరాలమ్మాయే. వరసగా వంటింట్లో నిలబడితే తెనాలమ్మాయి, చీరాలమ్మాయి. అక్కడివరకు న్యాయంగానే ఉంది. తర్వాత మా అబ్బాయి చదువు కోసం నేను కొన్నేళ్ళు బాపట్లలోనే ఇల్లు తీసుకుని, ఆదివారాలు మాత్రం రేపల్లె వచ్చేదాన్ని. ఆ కాపురం ముగించుకుని తిరిగి వచ్చేసరికి చీరాలమ్మాయి కాస్తా చిన్నమ్మాయి అయి కూర్చుంది. అత్తయ్యకు, మా ఆయనకు, షాపులో వాళ్ళకు, వీధిలో వాళ్ళకు, అందరికీ చిన్నమ్మాయే. చిన్నమ్మాయి ఉన్నప్పుడు ఒక పెద్దమ్మాయి కూడా ఉండాలి కదా. నేను మాత్రం తెనాలమ్మాయిగానే ఉండిపోయాను.

ఎందుకిలా అని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆమె రోజంతా ఇంట్లో ఉండి అత్తయ్యను మంచి చేసుకుందనీ, నేను బస్సుల్లో తిరుగుతూ పరాయిదాన్నయ్యాననీ నాకు నేనే తేల్చుకున్నాను. ఆ మధ్య జిల్లాలు విడదీసినప్పుడు రేపల్లె, చీరాల రెండూ బాపట్ల జిల్లాలోకి వెళ్ళాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. "ఇంక మీది వేరే జిల్లా" అని మా ఆయన నవ్వారు. ప్రభుత్వం కూడా ఆమె వైపే చేరిందనుకున్నాను.

ఆ రోజుల్లోనే కాలేజీ లైబ్రరీలో, పాత ఇంగ్లీషు నిఘంటువులో, రెసియంట్ అనే మాట కనిపించింది. నేను వెతికింది రెసిడెంట్ పుట్టుక కోసం, పిల్లలకు చెబుదామని. దాని పక్కపేజీల్లో ఇది దొరికింది. అర్థం అదే, నివాసి. పక్కన వాడుకలో లేదని గుర్తు పెట్టి ఉంది. నాకు ఆసక్తి పుట్టి రెండు మూడు పుస్తకాలు తిరగేశాను.

రెండు మాటలదీ ఒకే పుట్టిల్లు. కూర్చుండిపోవడం, వెనక నిలిచిపోవడం అనే అర్థమున్న ఒక లాటిన్ క్రియ. రెసిడెంట్ తిన్నగా లాటిన్ నుంచి వచ్చింది. రెసియంట్ మాత్రం పాత ఫ్రెంచిలో పెరిగి, అక్కడ నాలుగు నోళ్ళలో నలిగి మధ్య అక్షరం అరగదీసుకుని, కోర్టుల వెంట ఇంగ్లీషులోకి వచ్చింది. ఒకప్పుడు ఇంగ్లండు కోర్టుల్లో ఫ్రెంచిదే పెత్తనం. ఆ మాటకు అక్కడ ఒక పని కూడా ఉండేది. జమీందారీల కింద చిన్న చిన్న స్థానిక కోర్టులు కూర్చునేవి. వాటికి హాజరయ్యే బాధ్యత కొందరికి భూమి వల్ల వచ్చేది, కొందరికి కేవలం అక్కడ ఉంటున్నందువల్ల వచ్చేది. ఈ రెండో రకం వాళ్ళే రెసియంట్లు. సెంటు భూమి లేకపోయినా ఆ హద్దుల్లో కాపురం ఉంటే చాలు, పిలుపు వచ్చేది. పిలిచినప్పుడు రాకపోతే జరిమానా వేసేవారు. కాలం గడిచి ఆ కోర్టులు నీరసించాక, పని పోయిన మాట కొన్నాళ్ళు ప్లీడర్ల కాగితాల్లో తలదాచుకుంది. తర్వాత అక్కడా లేకుండా పోయింది. రెసిడెంట్ మాత్రం ఊరంతా తనదేనన్నట్టు మిగిలింది.

నేను వెంటనే రెసియంట్ పక్షం చేరాను. అదీ అక్కడే బతికింది, దాని అర్థంలో ఏ లోటూ లేదు, అయినా పక్కనున్న దాన్ని నెత్తిన పెట్టుకుని దీన్ని వదిలేశారు. ఆ సాయంత్రం బస్సు చెరుకుపల్లి దాటేదాకా ఆ మాట మీద జాలిపడుతూనే ఉన్నాను. ఆ జాలిలో సగం నా కోసమేనని నాకూ తెలుసు. ఇంటికొచ్చి మా ఆయనకు ఈ కథంతా చెబితే, శ్రద్ధగా విని, "అన్నం పెడతావా?" అన్నారు.

కిందటి వేసవిలో, నేను రిటైరైన కొన్నాళ్ళకు, మా అబ్బాయి పెళ్ళి కుదిరింది. శుభలేఖ ఎంత ఖరీదైనది వేయించినా, ఫోనులో ఎన్నిసార్లు పంపినా, మా వీధిలో బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. ఇంటి ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని గడపగడపకూ వెళ్ళి పిలవాలి. ఎవరొచ్చి పిలిచారన్నది ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. పెళ్ళికొడుకు తల్లిని నేను. ఇన్నేళ్ళకు ఈ ఒక్క పనిలో నన్ను ఎవరూ పక్కన పెట్టలేరు. ఈ వీధి వీధంతా నన్ను ఈ ఇంటిదానిగా చూడాలి, నా చేతి బొట్టు పెట్టించుకోవాలి. అంతకు మించి నాకు ఆ పెళ్ళిలో వేరే కోరిక లేదు.

కంచిపట్టు చీర కట్టుకుని బయల్దేరుతుంటే అత్తయ్య కుర్చీలోంచి అంది: "తెనాలమ్మాయ్, చిన్నమ్మాయిని వెంట తీసుకెళ్ళు. నీకు ఎవరిల్లు ఏదో తెలీదు."

నిజమే, నాకు తెలియదు. అందుకే ఒళ్ళు మండింది.

మొదటి ఇంట్లో తలుపు తీసినావిడ నా వైపు చూడనే లేదు. "రా రా, మీ అత్తయ్యకి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? ఆ నూనె రాస్తున్నావా?" అంటూ నా తోడికోడల్ని లోపలికి లాక్కుపోయింది. వాళ్ళమ్మాయి పరీక్షల సంగతి, మేడ మీద కారుతున్న ట్యాంకు సంగతి అన్నీ అయ్యాక నేను భరిణెతో నిలబడి ఉన్నానని గమనించింది.

"ఈవిడ?"

"మా అక్కండి. పెళ్ళికొడుకు వాళ్ళమ్మ."

"ఓ, తెనాలి ఆవిడా? పొద్దున్నే బస్సుకి వెళ్తుంటే చూసేదాన్ని లెండి" అని నుదురు ముందుకు చాచింది.

తర్వాతి ఇళ్ళలోనూ ఇదే వరస. ఎవరి గేటు గడియ ఎటు తిప్పాలో, ఎవరి కుక్క కరుస్తుందో, ఎవరి ఇంట్లో ఎవరితో మాటల్లేవో అన్నీ ఆమెకు తెలుసు. నేను ఆమె వెనకాల చుట్టపుచూపుగా వచ్చినదానిలా నడిచాను. వీధి చివరి ఇంట్లో ఒక ముసలావిడ ఉంది, చూపు సరిగా ఆనదు. ఆవిడ నా తోడికోడలి గడ్డం పట్టుకుని, "నీ కొడుకు పెళ్ళికొడుకయ్యాడంటే నేను రాకుండా ఉంటానా తల్లీ" అని బొట్టు కోసం ఆమె వైపే మొహం చాచింది.

"నా కొడుకు కాదు పెద్దమ్మా. అక్క కొడుకు."

"ఏ అక్క?"

నేను ముందుకు జరిగి బొట్టు పెట్టాను. కోపంలో విసురుగా పెట్టడంతో కుంకుమ ముక్కు మీద రాలింది. నా తోడికోడలు కొంగుతో మెల్లగా తుడిచింది. ఆవిడ ఆ కొంగు పట్టుకుని, "చల్లగా ఉండు" అని ఆమెనే దీవించింది.

రోడ్డు మీదకు రాగానే నోరు ఆగలేదు. "నీకేంటి, హాయిగా ఈ ఊరిదానివైపోయావు. నిన్ను చీరాల అని పిలిచే నోరు ఒక్కటైనా ఉందా ఈ వీధిలో?" అన్నాను.

ఆమె నడక ఆపేసింది. మూసి ఉన్న టిఫిన్ కొట్టు పట్టా నీడలోకి జరిగి నిలబడింది.

"లేదక్కా. అత్తయ్య మాన్పించారు" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. "మా అమ్మ పోయాక అన్నయ్య మగ్గాలు తీసేసి, ఇల్లు అమ్మేసి బెంగుళూరు వెళ్ళిపోయాడు కదా. ఆ తర్వాత ఎవరు చీరాలమ్మాయ్ అన్నా నాకు ఏడుపొచ్చేసేది. వెళ్ళడానికి గడప లేదు, పేరు మాత్రం ఉంది. ఓరోజు వడ్డిస్తుంటే అత్తయ్య అలాగే పిలిచారు. పప్పు గిన్నె పట్టుకునే ఏడ్చేశాను. ఆవిడ ఏంటని కూడా అడగలేదు. మర్నాటి నుంచి చిన్నమ్మాయ్ అన్నారు. ఆ ఊరి పేరు నా ముందు ఎవరూ ఎత్తొద్దని అందరికీ చెప్పారు."

"అందరికీ అంటే?"

"బావగారికి, షాపులో వాళ్ళకి, ఈ వీధిలో వాళ్ళకి. పాలు పోసే ఆయనకి కూడా చెప్పారంట."

"నాకు చెప్పలేదే."

"మీరప్పుడు బాపట్లలో ఉన్నారు కదక్కా. ఆదివారం వస్తే ఎందుకులే అనుకునుంటారు." మళ్ళీ తనే, "మిమ్మల్ని తెనాలమ్మాయ్ అని పిలుస్తుంటే వినడానికి నాకెంత బాగుంటుందో" అంది.

వాళ్ళమ్మ పోయిన సంగతి నాకు తెలుసు, దినానికి నేనూ వెళ్ళాను. ఇల్లు అమ్మిన సంగతీ తెలుసు. ఆ పిలుపు ఎలా పోయిందో మాత్రం పాలాయనకు తెలిసి నాకు తెలియలేదు. ఎదురు వరసలో మిగిలిన ఇళ్ళు కూడా పిలిచి ఇంటికొచ్చాం.

సాయంత్రం అత్తయ్య పెళ్ళిలో పెట్టే చీరల గురించి మా ఆయనతో మాట్లాడుతోంది. నా తోడికోడలు పక్కనే కూర్చుని పువ్వులు మాల కడుతోంది.

"ఆ అవతలి సరుకు వచ్చిందా?" అంది అత్తయ్య.

"రేపు దిగుతుందమ్మా" అన్నారు మా ఆయన.

అవతలి సరుకు. ఈ మాట ఎన్నేళ్ళుగా వింటున్నానో. అత్తయ్యకు వయసు మీదపడి ఊళ్ళ పేర్లు గుర్తుండట్లేదని అనుకునేదాన్ని. మా ఆయన కూడా ఆవిడ మాటే అనడం అమ్మ మీద గౌరవం అనుకునేదాన్ని. చీరాల సరుకు అమ్ముకుని బతికే ఇంట్లో, ఒక పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని, అందరూ కలిసి చీరాల అనే మాటనే లేకుండా చేసుకున్నారు. బేరాలూ లెక్కలూ అన్నీ అది లేకుండానే నడుపుకున్నారు. నిఘంటువులో వాడుకలో లేదని రాస్తారు గాని, ఎవరి కోసం మానేశారో రాయరు.

నా తోడికోడల్ని చూస్తే జాలి వేసింది, అబద్ధం చెప్పను. పుట్టింటి గడప లేకపోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికే నాకు భయం. తెనాలిలో అన్నయ్య ఉన్నాడు, వదిన ఉంది, ఎప్పుడు వెళ్ళినా ముందుగదిలో ఫ్యాను వేసి కూర్చోబెడతారు. నన్ను చూసి ఆమే కుళ్ళుకోవాలి. అదంతా నాకు తెలుసు. అయినా ఆ సాయంత్రం నా అసూయ తగ్గకపోగా, ఇంకాస్త ఎక్కువైంది. ఇన్నేళ్ళలో నా కోసం ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మాటైనా మానుకోలేదు.