మా నాన్న చేసిన పైలట్ బేరం

పైలట్ శిక్షణ అయ్యాక నాకు రెండు విమాన కంపెనీల నుంచి ఆఫర్లొచ్చాయి. ఈ రోజు దుమ్ముగూడెంలో మా ఇంట్లో నేను స్నానానికి వెళ్లినప్పుడు, నాకు నచ్చిన కంపెనీ ఫోన్ చేసింది. నాన్న ఎత్తాడు. ఏటా ఖమ్మం మార్కెట్లో మిర్చి అమ్మే మనిషి.

“ఏమన్నావు నాన్నా?”

“హైదరాబాద్ల డ్యూటీ ఇస్తేనే వస్తది, లేకుంటే ఇంకో కంపెనీకి పోతదని చెప్పిన. సరే, గక్కడికే పొమ్మన్నరు. ఏంగాదు బిడ్డా, మిర్చి కొనేటోళ్లు గూడ గిట్లనే మొఖం తిప్పుకొని పోతరు. జరసేపాగితే వాళ్లే మళ్లొస్తరు.”

నేను తిరిగి చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. నాన్న మాత్రం నా ఫోన్ ఒళ్లో పెట్టుకుని ధీమాగా కూర్చున్నాడు. ఈయనకెలా చెప్పాలో మీకేమైనా తోస్తే రాయండి. ఆ ఇంకో కంపెనీకి రానని పొద్దున్నే మెయిల్ పెట్టేశాను.